మాబూబీ మెడకింద పాత దూది

పరుపులో ఎంత మంచి దూది నింపినా, అంచు సరిగ్గా కట్టకపోతే ఏడాది తిరక్కముందే దాని ఆకారం పోతుంది. దూది పక్కలకు జారుతుంది, నడుమ గుంట పడుతుంది. కార్ఖానా బస్తీలో వలీ దుకాణం పరుపుకు గుంట పడదని లష్కరంతా పేరుండేది. లష్కర్ అంటే సికింద్రాబాదే. ఆ పొడుగు పేరు మేమెవరమూ వాడేవాళ్లం కాదు.

పేరు వలీ దుకాణానిదే గాని పని అతని భార్య మాబూబీది. వలీ దూది ఏకేవాడు. తాత నుంచి వచ్చిన విల్లు, దాని నారిని కొట్టే కొయ్య గుండు, ఇవే అతని సరంజామా. అతను ఏకిన దూది మీద ఊదితే లేచేది. ఆ దూదిని చారల గుడ్డలో సమంగా పరిచి, అంచును లోపలి దూదితో సహా వేళ్లతో ఒడిసి పట్టి, దబ్బనంతో చుట్టూ బిగించి కుట్టడం మాబూబీ పని. నాలుగు పక్కలా ఆ అంచు బొటనవేలి లావున, ఎక్కడా ఉబ్బకుండా, ఎక్కడా నలగకుండా తాడు చుట్టినట్టు నడిచేది. వలీ కూడా ఆ పనికి కూర్చుని చూశాడు. గుండు పట్టిన చేతికి దబ్బనం లొంగలేదు.

నేను మంచాలు చేసేవాణ్ని. నా వడ్రంగి కొట్టానికీ వాళ్ల దుకాణానికీ నడుమ ఒకటే గోడ. అవతల విల్లు మోగుతుంటే ఇవతల నా రంపం ఆ లయకు నడిచేది. వాళ్లు దూదేకుల వాళ్లు. ఇంట్లో మాట తెలుగు, బజారులో బేరానికి ఉర్దూ. గోడ పలచన కాబట్టి కొంత నేను విన్నదీ, మిగతాది వాళ్లిద్దరూ తర్వాత చెప్పిందీ కలిపి రాస్తున్నాను.

1946 ఎండాకాలంలో మాబూబీకి ఎడమ కన్ను మసకేసింది. అప్పటికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. దీపం చిమ్నీకి మసి పట్టినట్టుందని చెప్పింది. కొన్ని వారాలకు అదే తేరుకుంది. దిష్టి అన్నారు, తీశారు, మరిచిపోయారు. మరుసటి ఏడు ఎడమ పాదం తిమ్మిరెక్కింది. నడుస్తూంటే చెప్పు కాలికి ఉందో, వెనక ఎక్కడో జారిపోయిందో ఆవిడకు తెలిసేది కాదు, తిరిగి చూసుకోవలసిందే. తల కిందికి వంచితే మెడ నుంచి నడుం దాకా కరెంటు పాకినట్టు జిల్లుమనేది. మౌలాలి గుట్టెక్కి మొక్కి వచ్చారు. ఆ గుట్ట ఎక్కేటప్పుడే మోకాలు రెండుసార్లు మడత పడింది. దిగగానే వలీ ఆవిడను రిక్షాలో లష్కర్‌లోని మేబెల్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు.

మేబెల్ డాక్టరమ్మ పెద్దావిడ. మాట తక్కువ. సుత్తి లాంటి చిన్న కర్రతో మోకాళ్లమీద కొట్టి చూసింది, అరికాలి మీద తాళంచెవి గీసి చూసింది, కళ్లలోకి దీపం వేసి చూసింది. పెద్దాసుపత్రికి పంపి వెన్నులోంచి నీరు తీయించింది. ఫలితాలన్నీ వచ్చాక ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"పేరు పొడుగ్గా ఉంటుంది, దానికి బెదరకండి. నరాలమీద ఒక పొర ఉంటుంది. అది అక్కడక్కడ చెడుతుంది. చెడినచోట నరం మాట వినదు. కొన్నాళ్లు బాగవుతుంది, మళ్లీ వస్తుంది."

"మందున్నదా అమ్మా?" అన్నాడు వలీ.

"లేదు."

"బొంబాయిల?"

"లేదయ్యా."

"విలాయత్‌ల?"

"అక్కడా లేదు. ఎండ తగలనీకండి, అలిసిపోనీకండి. అంతే నేను చెప్పగలిగింది."

బయటికొచ్చాక వలీ రిక్షా కోసం నిలబడి, "డాక్టరమ్మ అబద్ధం చెప్పదు. అదొక్కటే జెర మంచిగుంది," అన్నాడట. ఆ పేరు అప్పట్లో డిసెమినేటెడ్ స్క్లిరోసిస్. ఇప్పుడు మల్టిపుల్ స్క్లిరోసిస్ అంటున్నారు. వలీ నోట అది ఎప్పుడూ 'డాక్టరమ్మ చెప్పిన జబ్బు'.

కాలు చచ్చుబడినా మాబూబీ పని ఆగలేదు. అంచు కుట్టడం కూర్చుని చేసేది. కన్ను మసకేసిన రోజు దారం ఎక్కించడానికి వలీని పిలిచేది. ఆవిడను పడేసింది అవేవీ కాదు, తలనొప్పి. ఆ ఏడు వానలు వెళ్లే ముందు మొదలైంది. తెల్లవారి కళ్లు తెరిచేసరికే మెడ వెనక ఉండేది. అక్కణ్నించి తల మీదికెక్కి నుదుట దిగేది, తడిపిన గుడ్డ తలకు కట్టి ఎవరో మెలిపెడుతున్నట్టు. మధ్యాహ్నం దాకా దబ్బనం పట్టుకోలేకపోయేది. పట్టుకున్నా కుట్టు వంకర పోయేది, వంకర కుట్టు ఆవిడే విప్పేసేది. అంచు పడని పరుపులు గోడకు ఆనించి వరసగా నిలబడ్డాయి.

వలీ రెండు పరుపులు మోండా మార్కెట్ దగ్గర ఒక దర్జీకి ఇచ్చి చూశాడు. అతను షేర్వానీ అంచు కుట్టినట్టు చదునుగా కుట్టి ఇచ్చాడు. ఒక పరుపు వారానికే తిరిగొచ్చింది. కొన్నవాడు పరుపు కింద పెట్టి, దాని నడుమ కూర్చుని గుంట చూపించాడు.

అప్పుడు వలీ జిన్నింగు మిల్లు మేస్త్రితో మాట్లాడాడు. విల్లు కట్టేసి అక్కడ కూలికి పోవాలని. మేస్త్రి సరేనన్నాడు, ఎప్పుడొచ్చినా పని ఉందన్నాడు. ఈ సంగతి మాబూబీకి తెలిసిన రోజున గోడ అవతల నుంచి ఆవిడ గొంతు వినిపించింది. "కాలు పోయిందంటే పోనీ అన్న. నా చేతులు మంచిగనే ఉన్నయ్. ఈ తలకాయ ఒక్కటి ఊకుంటే నువ్వు మిల్లుకు పోయే పనే లేదు."

తలకాయ ఊకుండడానికి ఏవేవో చేశారు. శొంఠి పట్టు వేశారు. నుదుటికి గుడ్డ బిగించారు. ఇసుక మూటతో కాపడం పెడితే ఒళ్లు వేడెక్కి కాళ్లు రెండూ మైనంలా జారిపోయాయి. డాక్టరమ్మ తిట్టింది. వేడి ఆ జబ్బుకు పడదని ముందే చెప్పాను కదా అంది.

ఇంకొకటి కూడా చేశారు. దాన్ని ఎవరూ వైద్యం అనుకోలేదు, ప్రేమ అనుకున్నారు. దిండు. దాన్ని మేం మెత్త అంటాం. పరుపుల దుకాణంలో మెత్త కొనేవాడు ముందు పిడికిలితో గుద్ది చూస్తాడు. పిడికిలి దిగిపోతే దూది దొంగిలించారని అర్థం. ఎదురు తన్నితే నిజాయితీ గల చెయ్యి. వలీ మెత్తను గుద్దితే చెయ్యి వెనక్కొచ్చేది. అలాంటి ఇంట్లో జబ్బు మనిషికి ఎలాంటి మెత్త ఉంటుంది? నెలనెలా విప్పి, ఆ దూది మళ్లీ ఏకి, పిడికెడు కొత్త దూది కలిపి, కుట్లు పట్టు తప్పేదాకా కూరి పెట్టేవాడు. పొద్దంతా పడుకునే ఉంటోంది కదా అని దాని కింద ఇంకోటి వేసేవాడు. చూడవచ్చిన ఆడవాళ్లు ఆ మెత్తను తడిమి, "రాణీలెక్క చూసుకుంటుండు," అని పోయేవాళ్లు.

1948 సెప్టెంబరు వచ్చింది. యూనియన్ ఫౌజు వస్తోందని నెలలుగా అనుకుంటున్నదే, ఆ వారం నిజంగానే సరిహద్దు దాటింది. పోలీసు యాక్షన్ అన్న మాట మాకు తర్వాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా రేడియో, మూసిన దుకాణాలు, పుకార్లు. ఎవరు ఎవరిమీద పడతారో అన్న భయం అన్ని ఇళ్లలోనూ ఉంది. తురక పేరున్న ఇళ్లలో ఇంకొంచెం ఎక్కువ. పరుగెత్తలేని మనిషి ఉన్న ఇంట్లో ఇంకా ఎక్కువ.

మా వెనక వీధిలో యేసురాజు అనే కంటోన్మెంటు ఆఫీసు గుమాస్తా ఉండేవాడు. భార్య ఎమిలీ బడిపంతులమ్మ. గుంటూరు వైపు వాళ్లు. ఎమిలమ్మ గొడుగేసుకుని పట్టపగలు వలీ దుకాణం ముందుకొచ్చి నిలబడింది.

"వలీ, మాబూబీని తీసుకుని మా ఇంటికి పదండి. గొడవ తగ్గేదాకా అక్కడే."

"దూది ఉన్నది టీచరమ్మా. ఇడిసిపెట్టి ఎట్ల వస్త?"

"దూదిని ఎవరూ ఏమీ చేయరయ్యా. చేసినా మళ్లీ ఏకుతావు. ఆవిణ్ని ఏకగలవా?"

వలీ తాళం వేశాడు. మాబూబీ ఒక చేయి అతని భుజంమీద, ఇంకో చేయి ఎమిలమ్మ గొడుగు కర్రమీద వేసి నడిచింది. తొందరలో సంచీలో బట్టలు పెట్టుకున్నారు గాని మెత్త తీసుకోలేదు.

రేడియో దగ్గర కూర్చోవడం, కిటికీ సందులోంచి ఫౌజు లారీలు చూడడం తప్ప ఆ ఇంట్లో చేసే పని లేదు. చేతిలో పని లేకపోతే వలీ మనిషి కాడు. మొదటి సాయంత్రమే ఎమిలమ్మ తలకిందికి ఇచ్చిన మెత్తను అలవాటుకొద్దీ గుద్దాడు. పిడికిలి ఒక చోట దిగింది, ఒక చోట రాయి తగిలినట్టు ఆగింది.

"టీచరమ్మా, ఇది ఎవలు నింపిన్రు?"

"మా నాన్నగారు గుంటూరులో నింపించారు. ఎందుకు?"

"మీ నాయిన మీద కోపమున్నోడు నింపిండు."

అంతటితో ఆగాడా అంటే లేదు. తెల్లవారేసరికి ఇంట్లో ఉన్న మెత్తలన్నీ కుట్లు విప్పి, ఉండలు కట్టిన దూదంతా ఒక ఇత్తడి గంగాళంలోకి తీశాడు. చక్కగా ఏకి ఇద్దామని. కాని ఏకే విల్లు కార్ఖానా దుకాణంలో ఉంది, వీధిలోకి అడుగు పెట్టే వీలు లేదు.

"ఇల్లు లేదు మన్ను లేదు, ముందు మెత్తలు ఇప్పినవ్," అంది మాబూబీ.

"రేపు పోయి తెచ్చుకుంట."

"రేపు నీకోసం కర్ఫ్యూ తీసేస్తరా?"

యేసురాజు గంగాళం వైపు చూసి, "వలీ, మా ఇంట్లో దుప్పట్లు కూడా ఉన్నాయి. అవి కూడా విప్పుతావా?" అన్నాడు.

"దుప్పట్ల దూది ఉండదు సార్," అన్నాడు వలీ వినయంగానే.

అలా ఆ ఇంట్లో అందరూ మెత్తలు లేకుండా పడుకున్నారు. యేసురాజు బైబిలు తలకింద పెట్టుకోబోతే ఎమిలమ్మ లాగేసుకుని చాపచుట్ట ఇచ్చింది. మాబూబీ షాబాదు బండలమీద బొంత పరుచుకుని, తువ్వాలు ఒకటి మడిచి మెడకింద పెట్టుకుంది. తలకింద ఏమీ లేదు.

కర్ఫ్యూ సడలక ముందే ఒక ఉదయం ఆవిడ లేచి కూర్చుంది. ఎమిలమ్మ కాఫీ కాస్తోంది. ఈవిడ నుదురు తడుముకుంటూ కూర్చుంటే ఎమిలమ్మ అడిగింది.

"ఏమ్మా, బాగా నొప్పిగా ఉందా?"

"లేదు టీచరమ్మా. నొస్తలేదు. నిన్న సుత నొయ్యలే. అదే చూస్తున్న, యాడికి పోయిందో."

అందరూ సంతోషించారు, ఎవరి కారణం వాళ్లు చెప్పారు. ఎమిలమ్మ తన కాఫీ అంది. యేసురాజు రాత్రి ప్రార్థనలో ఆవిడ పేరు కూడా చెప్పానన్నాడు. వలీ చల్లటి బండల గుణం అన్నాడు. మాబూబీ ఏ మాటా కాదనలేదు.

ఫౌజు వచ్చింది, నిజాం ప్రభుత్వం లొంగిపోయింది. మా వీధుల్లో ఏమీ జరగలేదు. జిల్లాల నుంచి వచ్చిన కబుర్లు మాత్రం మంచివి కావు. బీదరు వైపున్న వలీ మేనత్త కుటుంబం సంగతి చాలా నెలలు తెలియలేదు. వలీ, మాబూబీ ఇంటికొచ్చేసరికి తాళం వేసినట్టే ఉంది. వలీ చేసిన మొదటి పని విల్లు తీసుకుని ఎమిలమ్మ దూదంతా ఏకి, మెత్తలు నింపి ఇవ్వడం. రెండో పని భార్యకు కొత్త మెత్త చేయడం. బండలమీద అన్ని రాత్రులు పడుకుంది పాపం అని ఇదివరకటి కన్నా పెద్దది చేశాడు.

వారం తిరక్కుండా తలనొప్పి తిరిగొచ్చింది.

ఒకసారి పోయిన నొప్పి మళ్లీ రావడం మొదటిదాని కన్నా కష్టం. దానికో దారి ఉందని తెలిసింది, ఆ దారి ఏదో తెలియదు. కాఫీ కొన్ని వారాలు తాగింది. ఎమిలమ్మే పొడి పంపేది. నొప్పి పోలేదు, కాఫీ అలవాటైంది. బండల గుణం చూద్దామని కింద పడుకుంది. వలీ తన చేత్తోనే కొత్త మెత్త దించి తలకింద పెట్టాడు. నొప్పి పోలేదు. తడిగుడ్డ మెడమీద వేసుకుంటే కాస్త తేలికయ్యేది, గుడ్డ ఆరగానే మళ్లీ మామూలే. గోడకు ఆనించిన పరుపులు అలాగే ఉన్నాయి. కొత్తగా వచ్చిన ఫౌజు వాళ్లకు పరుపులు కావాలని మనిషి వచ్చి అడిగితే వలీ చూస్తానన్నాడు గాని ఒప్పుకోలేకపోయాడు. మిల్లు మేస్త్రి మళ్లీ కబురంపాడు.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లినప్పుడు మాబూబీ ఇదంతా చెప్పింది. "జబ్బు ముదిరిందేమో," అని తనే అంది.

"జబ్బు ముదరలేదు. కాలు పోయినసారి ఎలా ఉందో అలాగే ఉంది," అంది డాక్టరమ్మ. "చూడమ్మా, ఈ జబ్బు ఉన్నవాళ్లకు ప్రతి నొప్పీ దీనిదే అనిపిస్తుంది. మాకూ అలాగే అనిపిస్తుంది. తలనొప్పిని దీంతో ముడిపెట్టకుండా విడిగా చూడు. ఎక్కడ మొదలవుతోంది, ఎప్పుడు తగ్గుతోంది, ఏం చేస్తే పెరుగుతోంది. నీకు తెలిసినంత నాకు తెలియదు. తెలిస్తే వచ్చి చెప్పు."

మాబూబీ ఆ మాట పట్టుకుంది. కుట్టులో తప్పు ఎక్కడ పడిందో వెతకాలంటే చివరి కుట్టు నుంచి వెనక్కి విప్పుకుంటూ పోవాలి. ఆవిడ అలాగే పోయింది. నొప్పి నుదుటి దాకా రావడానికి ముందు తలమీద ఉంటుంది, దానికి ముందు మెడలో, దానికి ముందు నిద్రలో. లేచి నిటారుగా కూర్చున్న రోజు తొందరగా తగ్గుతుంది. మధ్యాహ్నం కునుకు తీస్తే మళ్లీ వస్తుంది. నొప్పి పనిలో లేదు, పడకలో ఉంది. మరి ఎమిలమ్మ ఇంట్లో పడక ఎట్లుండె? బొంత. బండలు. తువ్వాలు. అక్కడ లేనిది, ఇక్కడ ఉన్నది ఒకటే. అది ఆవిడ తలకిందే ఉంది.

తెలిశాక ఇంకో చిక్కు. ఆ సంగతి వలీకి ఎలా చెప్పడం? నీ చేతి పనే నన్ను పడేస్తోందని ఏ భార్య చెబుతుంది? చెప్పలేక, నిద్రపోయే ముందు మెత్తను మెల్లగా పక్కకు జరిపేసి తువ్వాలు పెట్టుకుంది. పొద్దున వలీ చూసి మెత్త జారిందనుకుని మళ్లీ సర్దాడు. రెండు మూడుసార్లు చూశాడు. ఆ వారం జారకుండా ఉండాలని ఇంకా వెడల్పుగా, బరువుగా ఒకటి చేసి తెచ్చాడు. ఈసారి పక్కకు తోయడం కూడా ఆవిడకు చేతకాలేదు.

ఇక చెప్పక తప్పలేదు. నేను కొట్టంలో మంచం కోడు చెక్కుతున్నాను. గోడ అవతల ఆవిడ నెమ్మదిగానే చెప్పింది. చెప్పాక విల్లు మోగడం ఆగిపోయింది.

"అంటే నా మెత్త చెడ్డదంటవ్."

"మెత్త మంచిదే. నా మెడకు పడతలేదు."

"ఇంతమంది పండుకుంటున్రు నా మెత్తల మీద. ఎవ్వనికి తల నొయ్యలే."

"ఎవ్వనికన్న మెడల కరెంటు పాకుతదా? తల ముందుకు వంగితే నాకు జిల్లుమంటది. నీ మెత్త మీద పెడితే ఇంత ఎత్తుకు లేచి గదుమ ఛాతీకి తాకుతది. నిద్రల సుత మెడ బిగబట్టుకునే పండుకుంటున్న. పొద్దుగాల్లకు నొయ్యక ఏం చేస్తది?"

"డాక్టరమ్మ చెప్పిందా గిట్ల?"

"చూసుకొమ్మని చెప్పింది. చూసుకున్న."

"జబ్బుమనిషిని సాపు మెత్త మీద పండుకోబెట్టిన్నని నలుగురు అనుకోవాల్నా? దూదేకులోని పెండ్లానికి దూది లేదంటరు."

"అననీ. నొప్పి వాళ్లకున్నదా?"

మాట సాగితే ఆ రోజు తెగేది కాదు. మాబూబీయే ఆపేసింది. "మాటలెందుకు, నీ చెయ్యి ఇటియ్యి," అని ఆ పెద్ద మెత్తమీద పడుకుంది. అతని చేయి తీసుకుని మెడ వెనక పెట్టుకుంది.

దూదిలో గింజ ముక్క ఉంటే కళ్లు మూసుకుని చెప్పగల వేళ్లు అవి. ఉండ కట్టిన దూది ఏదో, కట్టబోయేది ఏదో వాటికి తెలుసు. మెడ పక్కన కండ రెండు తాళ్లలా బిగిసి ఉంది. మాబూబీ తల కిందినుంచి మెత్త లాగేసి, తువ్వాలు మడిచి పెట్టుకుని, మళ్లీ అతని చేయి అక్కడే పెట్టుకుంది. కాసేపటికి అతని వేళ్ల కింద ఒక తాడు సడలింది, దాని వెంట రెండోది. వలీ మళ్లీ మెత్త పెట్టమన్నాడు. పెట్టింది. తాళ్లు బిగిశాయి. మళ్లీ తీయమన్నాడు. అలా ఎన్నిసార్లు చూశాడో నాకు తెలియదు. చివరికి, "దీనికి తువ్వాలు పనికిరాదు. పొద్దుగాల్లకు చదునైపోతది," అన్నాడు. ఒప్పుకున్నానని చెప్పడం అతనికి అలాగే వచ్చు.

ఆ తర్వాత రోజుల్లో వలీ అంత కష్టపడి చేసిన పని నేనింకోటి చూడలేదు. తక్కువ దూది నింపితే సరిపోతుందనుకున్నాం అందరం. సరిపోలేదు. ఏకిన దూది మొదటి రాత్రి పొంగి ఎత్తుగా ఉంటుంది, వారానికి కుంగుతుంది. మాబూబీ మెడకు ఈ రోజు ఎంత ఎత్తో, నెల తర్వాత కూడా అంతే ఉండాలి. పొంగని, కుంగని దూది కావాలి. అంటే ఏకని దూది, ఏళ్లుగా వాడి అణిగిపోయిన దూది. దూదేకే మనిషి అలాంటి దూదిని చూస్తే ముందు చెయ్యి విల్లు మీదికి పోతుంది. వలీ దుకాణం మూల నుంచి పాత బొంత ఒకటి తీసి విప్పి, అందులోని అట్టకట్టిన దూదిని విల్లు తాకించకుండా పొరలు పొరలుగా తీశాడు. తీస్తున్నంతసేపూ ఏదో తప్పు చేస్తున్నవాడిలా వీధి వైపు వీపు పెట్టుకున్నాడు.

తల ఉండే చోట పొరలు పలచగా పరిచి బొంతకు మల్లే అడ్డకుట్లు వేశాడు. మెడ ఉండే పక్కన చిన్న చుట్ట చేసి గట్టిగా కూరాడు. మొదటిది గట్టిదైంది, చెవి కింద ఒత్తుకుంది. రెండోదాని చుట్ట మరీ పైకి పడింది. ప్రతిదానిమీదా ఆవిడ ఒక రాత్రి పడుకుని పొద్దున చెప్పేది, "జెర కిందికి," "జెర సన్నగ," అని. అతను విప్పి మళ్లీ కుట్టేవాడు. ఇంతకాలం అంచుకుట్టు రాదన్న మనిషి ఆ చుట్టను మాబూబీ చూస్తుండగా తనే కుట్టాడు. కుట్లు వంకరగానే ఉన్నాయి. ఈసారి ఆవిడ విప్పలేదు.

కుదిరింది. కుదిరిన పొద్దున ఆవిడ ఎవరికీ చెప్పలేదు. లేచి మొహం కడుక్కుని, గోడకు ఆనించిన పరుపుల్లో మొదటిదాన్ని లాగమంది. వలీ లాగి నేలమీద వేశాడు. కుట్టడానికి తల వంచగానే మెడలో జిల్లుమంది, ఆపేసింది. పడక సర్దుకుంటే చాలదు, పని కూడా సర్దుకోవాలి. వలీ నా కొట్టంలోకొచ్చి సంగతి చెప్పాడు. పరుపు నేలమీద కాకుండా ఆవిడ మోచేతుల ఎత్తున ఉండేలా, ఒక పక్క కాస్త ఏటవాలుగా ఉండేలా బల్ల చేశాను. ఎత్తు కుదరడానికి బల్ల కాళ్లు రెండుసార్లు కోశాను. ఆ బల్లముందు వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో కూర్చుంటే ఆవిడ మెడ వంచకుండానే అంచు కనిపించేది. పరుపుల అంచు కుర్చీలో కూర్చుని కుట్టడం ఏందని మొదట్లో దుకాణానికొచ్చినవాళ్లు నవ్వారు. తర్వాత అంచు తడిమి చూసి ఊరుకున్నారు.

డాక్టరమ్మకు చెప్పడానికి వెళ్లినప్పుడు మెత్త కూడా తీసుకెళ్లారు. ఆవిడ దాన్ని పరీక్షబల్ల మీద పెట్టి మాబూబీని పడుకోమని, మెడ కింద చేయి పెట్టి చూసింది. "ఇంకొకటి చేసివ్వగలవా వలీ? నాకే," అంది. ఆమెకూ రోగులమీద వంగి వంగి మెడ పట్టేసేదట. అయితే లేచేటప్పుడు ఒక మాట చెప్పింది. "తలనొప్పి తగ్గింది గాని జబ్బు తగ్గలేదు. రెండూ కలపొద్దు." మాబూబీ, "తెలుసు డాక్టరమ్మా," అంది.

నిజమే, ఆ రెండూ కలవలేదు. తలనొప్పి పూర్తిగా పోయిందని కూడా అనను. ఎండలు ముదిరినప్పుడో, పెళ్లిళ్ల రోజుల్లో పని మీద పడ్డప్పుడో ఒకటీ అరా వచ్చేది, తడిగుడ్డ వేసుకుని ఓ పూట పడుకుంటే పోయేది. తెల్లవారి లేస్తూనే ఎదురయ్యే నొప్పి మాత్రం లేదు. మిల్లు మేస్త్రి మనిషి మూడోసారి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. వలీ విల్లు ఆపకుండానే, "మేస్త్రికి సలాం చెప్పు. నేను వస్తలేను. ఇంట్ల అంచులు నడుస్తున్నయ్," అన్నాడు. ఫౌజు వాళ్ల పరుపులు ఒప్పుకున్నది ఆ తర్వాతే.

హైదరాబాదు రాష్ట్రం ఉన్నన్నాళ్లూ, అది ఆంధ్రతో కలిశాక కూడా ఆ దుకాణం నడిచింది. జబ్బు తన దారిన తాను వచ్చిపోతూ ఉండేది. 1952లో రెండో కాలు కూడా చెడింది. కొంత తేరుకుంది, మొత్తం తేరుకోలేదు. చేతికర్రలు రెండయ్యాయి. నా కొట్టంలో ఆవిడ కోసం చేసిన కర్రలు నాలుగో అయిదో ఉంటాయి. రాష్ట్రం కలిసిన ఏడు కుడిచేతి వేళ్లకు తిమ్మిరి పాకింది. సన్న దబ్బనం వేళ్లలో ఉందో లేదో తెలియడం లేదంది. వలీ కమ్మరి దగ్గర కొంచెం లావుది, వెనక కొయ్య పిడి ఉన్నది చేయించి తెచ్చాడు. దాంతో కుట్లు ఇదివరకటి కన్నా దూరం దూరంగా పడుతున్నాయి. అంచు బిగువు మాత్రం తగ్గలేదు. పరుపుకు గుంట పడలేదు.